మా నాన్న తీర్చని రూపాయి

మా నాన్న జీవితం మొత్తంలో బ్యాంకుకి ఎగ్గొట్టింది ఒక్క రూపాయి. చేతిలో లేక కాదు. ఉన్న రూపాయిని చొక్కా జేబులో వేసుకుని, గుండీ కూడా పెట్టుకుని మరీ ఎగ్గొట్టాడు. దాని మూలంగా ఒక మనిషి సొంత ఊరికి, కన్నకూతురి దగ్గరికి వెళ్ళలేక దాదాపు ఏడాది పాటు భిలాయిలో చిక్కుపడిపోయాడు. ఆ మనిషంటే మా నాన్నకి ప్రాణం. ఎగ్గొట్టింది కూడా అందుకే.

అవి తొంభైల నడిమి రోజులు. మేం భిలాయి ఉక్కు ప్లాంటు పక్కనే ఉన్న ఖుర్సీపార్‌లో ఉండేవాళ్ళం. నాన్న ప్లాంటులో బొగ్గు కాల్చే కోక్ ఓవెన్ల దగ్గర పనిచేసేవాడు. ఎంత రుద్ది కడుక్కున్నా కనురెప్పల అంచున కాటుక పెట్టుకున్నట్టు మసి మిగిలిపోయేది. నేను కాలేజీలో చదువుతున్నాను. ఇంటికి వచ్చే హిందీ, ఇంగ్లీషు కాగితాలు చదివి చెప్పే ఉద్యోగం నాది. జీతం లేదు కానీ, కాగితంలో చెడ్డ కబురు ఉంటే నేనే రాసినట్టు నన్ను తిట్టేవారు.

స్కూటరు కోసం అప్పు అడగడానికి నాన్న మొదటిసారి ఆ బ్యాంకుకి వెళ్ళాడు. శ్రీకాకుళం నుంచి వచ్చి ఇరవై ఏళ్ళు దాటింది. ఆ ఇరవై ఏళ్ళలో టైం ఆఫీసులోనూ, స్టోర్సులోనూ, ఆస్పత్రిలోనూ ఎక్కడికి వెళ్ళినా నిలబడే మాట్లాడాడు. ఇక్కడా నిలబడ్డాడు. మేనేజరు రాజమండ్రి మనిషి, ముప్పై అయిదేళ్ళుంటాయేమో. నాన్న దరఖాస్తు చూసి తెలుగువాడని గ్రహించి, లేచి వెళ్ళి, మూలనున్న కుర్చీని తన చేత్తో లాక్కొచ్చి, "కూర్చోండి బాబాయిగారూ" అన్నాడు. ప్యాంటుకి మసి ఉందని నాన్న కూర్చోలేదట. "కుర్చీ కడుక్కోవచ్చండీ, మీరు కూర్చోండి" అన్నాడట ఆయన.

ఆ రాత్రి నాన్న ఈ సంగతి అన్నం తింటూ మూడుసార్లు చెప్పాడు. "అప్పు ఇచ్చినోలు శానామంది ఉంటారు. నాకు కుర్సీ ఏసినోడు ఈయనొక్కడే" అన్నాడు. చెబుతూ, కలిపిన ముద్ద నోట్లో పెట్టుకోవడం మరిచిపోయాడు. అమ్మ కంగారుపడి మజ్జిగ ఇచ్చింది.

స్కూటరు వచ్చింది. జనం బండి మీద దేవుడి పేరో, పిల్లల పేర్లో రాయించుకుంటారు. మా నాన్న బ్యాంకు పేరు రాయించాడు. వెనక స్టెప్నీ టైరు కవరు మీద ఎర్ర రంగుతో, పెద్ద పెద్ద అక్షరాలతో, "వారి ఆశీస్సులతో" అని కింద గీత కూడా గీయించాడు. నన్ను కాలేజీ దగ్గర దింపినప్పుడల్లా సిగ్గుతో చచ్చిపోయేదాన్ని. స్నేహితురాళ్ళు మా నాన్న బ్యాంకులో పెద్ద ఆఫీసరనుకునేవాళ్ళు.

మూడేళ్ళు వాయిదాలు కట్టాడు. ఒక్క రోజు ఆలస్యం లేదు. వాయిదా కట్టే రోజు ఇస్త్రీ చొక్కా వేసుకుని, తలకి నూనె రాసుకుని, పెరట్లో కాసిన బీరకాయలో, ఆనపకాయో సంచిలో పెట్టుకుని వియ్యాలవారింటికి బయల్దేరినట్టు బయల్దేరేవాడు. మేనేజరు కాయలు వద్దనేవాడు. నాన్న వినేవాడు కాదు. చివరికి ఆ కాయలు బ్యాంకు అటెండరు ఇంట్లో కూరయ్యేవని నా అనుమానం.

ఇక్కడ మా కిరాణా షావుకారు సంగతి చెప్పకపోతే తరువాతది అర్థం కాదు. ఖుర్సీపార్‌లో ఆయన దుకాణంలో మా వాళ్ళందరికీ ఖాతాలుండేవి. ప్లాంటు జీతాలు పడ్డ రోజు అందరూ వెళ్ళి లెక్క చూసుకుని కట్టేవారు. కానీ ఎవరూ పూర్తిగా కట్టేవారు కాదు. ఒక్క రూపాయి వదిలేవారు. ఆ రూపాయిని షావుకారే కొత్త పేజీ మీద మొదటి వరసలో రాసేవాడు. ఖాతా పూర్తిగా తీర్చేసే సందర్భాలు రెండే. ఒకటి, ఊరు వదిలి పోతున్నప్పుడు. రెండు, షావుకారుతో గొడవపడి మళ్ళీ గుమ్మం తొక్కననుకున్నప్పుడు. ఒకసారి నేను ఈ పద్ధతి తెలియక పైసలతో సహా కట్టేస్తే షావుకారు మొహం మాడిపోయింది. సాయంత్రం మా ఇంటికొచ్చి, "ఏటమ్మా, బియ్యంలో రాళ్ళు గానీ వచ్చినాయేటి?" అని అమ్మని అడిగాడు. బయటికి వెళ్ళేటప్పుడు వెళ్తాను అనకుండా వెళ్ళొస్తాను అంటాం కదా, వాళ్ళకి ఆ రూపాయి అలాంటిది.

ఇప్పుడు చివరి వాయిదా. నాన్నతో నేనూ వెళ్ళాను. నాన్న కవరులోంచి నోట్లు తీసి, చిల్లర లెక్కపెట్టి, అందులోంచి ఒక రూపాయి బిళ్ళ వెనక్కి తీసుకుని, జేబులో వేసుకుని గుండీ పెట్టుకున్నాడు. కౌంటరులో గుమాస్తా లెక్క చూసుకుని, "ఏక్ రుపయా కమ్ హై" అన్నాడు. నాన్న నవ్వి, "రహనే దో భయ్యా" అన్నాడు, ఉండనీలే అని. అదేదో వాళ్ళ మీద దయ తలచినట్టు!

గుమాస్తా చిల్లర లేదేమో అనుకుని వదిలేశాడు. నాకు బుర్ర తిరిగింది. బయటికి రాగానే అరిచాను. నాన్న స్కూటరుని ఎడమ పక్కకి వంచి స్టార్టు చేస్తూ, "పూర్తిగా తీర్చీసి ఎలిపోతే ఆయనేటనుకుంటాడు? పనైపోనాది, మొకం సాటేసినాడు అనుకోడూ?" అన్నాడు.

మూడు నెలలకి మొదటి నోటీసు వచ్చింది. బాకీ ఒక రూపాయి అని, వెంటనే చెల్లించమని. నాన్న నా చేత చదివించుకున్నాడు, మళ్ళీ చదవమన్నాడు. "సూసినావా, మరిసిపోనేదు" అని అమ్మకి చూపించాడు. తరువాత వచ్చింది రిజిస్టరు పోస్టు. కవరు మీద అంటించిన తపాలా బిళ్ళలు లెక్కపెడితే బాకీకి ఎన్నో రెట్లు. పోస్ట్‌మ్యాన్ సంతకం పెట్టించుకుంటూ జాలిగా చూశాడు. నాన్న ఆయనకి టీ ఇప్పించాడు.

ఆ నోటీసు నకలు హామీదారుకి కూడా వెళ్ళింది. ఆయన నాన్నతో ఒకే షిఫ్టులో పనిచేసే, పక్కనే ఉన్న మరోదా ఊరి ఆయన, ఛత్తీస్‌గఢీ మనిషి, మా ఇంట్లో మనిషిలాంటివాడు. హామీదారు ఆస్తి మీద కూడా చర్య తీసుకోబడును అని ఉన్న కాగితం పట్టుకుని చెమటలు కక్కుతూ వచ్చాడు. వాళ్ళావిడ రాత్రంతా ఏడ్చిందట, తమ రెండు మేకల్నీ బ్యాంకువాళ్ళు తోలుకుపోతారని. "అరే భయ్యా, ఏక్ రుపయా హై! దే దో నా!" అని, ఇచ్చెయ్యమంటూ చేతులు పట్టుకున్నాడు. నాన్న కుదరదన్నాడు. పోనీ సగం నేనిస్తానని ఆయన అర్ధ రూపాయి తీసి మా గట్టు మీద పెట్టాడు. నాన్న ఆ అర్ధ రూపాయికి బఠాణీలు తెప్పించి ఇద్దరూ కూర్చుని తిన్నారు.

ఒకరోజు కాలేజీ నుంచి వస్తూ నేనే బ్యాంకుకి వెళ్ళాను. మేనేజరు నాకూ కుర్చీ చూపించాడు. బల్ల మీద అద్దం కింద చిన్నపిల్ల ఫోటో ఉంది.

"రండమ్మా. మీ నాన్నగారికి నా మీద ఏమైనా కోపమాండీ?" అని అడిగాడు.

కోపం కాదు, ప్రేమ అని, రూపాయి కథ చెప్పాను. ఆయన విని, అద్దం కింది ఫోటో మీద వేలు పెట్టాడు. తరువాత తన సంగతి చెప్పాడు. భార్యకి రాజమండ్రిలో టీచరు ఉద్యోగం. పాపకి ఆరో ఏడు. తను ఇక్కడికి వచ్చినప్పుడు పాప పాకుతోంది. బదిలీకి అర్జీ పెట్టి రెండేళ్ళయింది. బ్రాంచి మొండి బాకీల పట్టిక పూర్తిగా ఖాళీ చేస్తే పంపిస్తామని పైవాళ్ళు మాటిచ్చారు. మోటార్లు కొని పారిపోయినవాళ్ళని, చనిపోయినవాళ్ళ కొడుకుల్ని, చనిపోయామని అబద్ధం చెప్పినవాళ్ళని, అందర్నీ పట్టుకుని కట్టించాడు.

"ఇంక పట్టికలో ఒక్క పేరే ఉందమ్మా. అది మీ నాన్నగారిది" అన్నాడు.

ఇంటికొచ్చి చెప్పాను. నాన్న నమ్మలేదు. "రూపాయికి మడిసిని కట్టీసి ఉంచుతారేటి? గవర్నమెంటోలకి మరీ అంత బుద్ది నేదేటి? ఆయన నవ్వులాటకి సెప్పుంటాడు." పోనీ నేను కడతానన్నాను. "నువ్వు కట్టీసినావంటే నాకు కూతురు నేదనుకుంటాను" అన్నాడు. అంత మాటన్నాక నేను మూడు రోజులు మాట్లాడలేదు. నాకూ కోపం తక్కువేం కాదు.

ఆ నెలలోనే జీపు వచ్చింది. పెద్దాఫీసు నుంచి వసూళ్ళ ఆఫీసర్లు ఇద్దరు, వెనక సీట్లో తల దించుకుని మేనేజరు. జీపు సందులో పట్టక రెండు గోడలకీ గీసుకుంది. వీధంతా గుమ్మాల్లోకి వచ్చేసింది. పక్కింటావిడ వెనక తలుపు నుంచి వచ్చి, స్కూటరు మా ఇంట్లో దాచెయ్యండి దీదీ అని అమ్మ చెవిలో చెప్పింది. నాన్న ఒక్కడే ఆనందంగా ఉన్నాడు. మంచం వాల్చి, దుప్పటి మార్చి, "కూకోండి బాబూ, కూకోండి" అని ఆఫీసర్లని కూర్చోబెట్టాడు. అమ్మ అప్పటికప్పుడు బియ్యం కడిగింది. వాళ్ళు వద్దు వద్దంటూనే చేతులు కడుక్కున్నారు. వంకాయ కూర, పప్పుచారు, ఆవకాయ వేసుకుని తిన్నారు. ఒకాయన రెండోసారి అన్నం అడిగాడు. తరువాత స్కూటరు చూపించమన్నారు. టైరు కవరు మీద తమ బ్యాంకు పేరు, ఆశీస్సులు చూసి ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పెద్దాయన ఫైలు తెరిచి ఏదో రాశాడు. భుజం మీంచి తొంగి చూసి చదివాను. బాకీదారు అందుబాటులో ఉన్నాడు, మర్యాదస్తుడు, భోజనం పెట్టాడు, చెల్లించడం లేదు. అంతే రాశాడు.

జీపు వెళ్ళిపోయాక నాన్న నా వైపు తిరిగాడు. "రూపాయి ఉంచినాను కాబట్టి జీపొచ్చింది. తీర్చీసుంటే వచ్చునా?"

నేను ఆఫీసర్లు తిన్న కంచాలు తీసుకుని పెరట్లోకి వెళ్ళాను.

ఆ తరువాత నోటీసులు ఆగిపోయాయి. నెల, రెండు నెలలు. నాన్నకి దిగులు పట్టుకుంది. రోజూ పోస్ట్‌మ్యాన్‌ని అడిగేవాడు. చివరికి బ్యాంకు అటెండరు అసలు సంగతి చెప్పేశాడు. మేనేజరు తన జేబులోంచి రూపాయి తీసి నాన్న పేరున కట్టేశాడట. నాన్నకి అంత కోపం రావడం నేనెప్పుడూ చూడలేదు. "నా బాకీ ఆయన తీర్సీడమేటి? నా సుట్టరికం ఆయన తెంపీడమేటి?" అని వసారాలో అటూ ఇటూ తిరిగాడు. నన్ను కూర్చోబెట్టి పెద్దాఫీసుకి అర్జీ రాయించాడు. నా అనుమతి లేకుండా నా బాకీ తీర్చినందున, సదరు బాకీని తిరిగి నా పేర ఇప్పించ ప్రార్థన. నా చేత్తోనే రాశాను, నవ్వాలో ఏడవాలో తెలియకుండా రాశాను. ఆ అర్జీ ఆయన బదిలీకి అడ్డం పడుతుందని తెలిసి కూడా రాశాను. అందుకు ఇప్పటికీ సిగ్గుపడతాను.

పెద్దాఫీసులో దాన్ని ఫిర్యాదుగా లెక్కేశారు, మేనేజరు మీద ఫిర్యాదు ఉంటే బదిలీ ఉండదట. అందుకని ఆయన, గుమాస్తా, ఇద్దరూ సంతకాలు చేసి ఆ రూపాయిని వెనక్కి తీసి, నాన్నని మళ్ళీ బాకీదారుని చేశారు. బాకీ పునరుద్ధరించబడినది అని కాగితం వచ్చింది. నాన్న నెమ్మదించాడు. ఆ రాత్రి బాగా నిద్రపోయాడు.

తరువాతి ఆదివారం మేనేజరు మా ఇంటికి నడుచుకుంటూ వచ్చాడు. ఫైలు లేదు, జీపు లేదు. చెప్పులు బయట విడిచి మంచం మీద కూర్చుని జేబులోంచి మడతపెట్టిన కాగితం తీశాడు.

"బాబాయిగారూ, మా పాప బొమ్మ వేసి పంపిందండీ. చూస్తారా?"

స్కూల్లో అందర్నీ వాళ్ళ వాళ్ళ ఇంటి బొమ్మ వెయ్యమన్నారట. పెన్సిలు గీతల్లో ఒక అమ్మ, ఒక ముసలమ్మ, రెండు జడల పిల్ల. వాళ్ళ పక్కన బల్ల మీద ఒక టెలిఫోను. దానికి మీసాలు ఉన్నాయి. పైన పెద్ద అక్షరాలతో నాన్న అని రాసి ఉంది.

"ఆదివారం ఆదివారం ఎస్టీడీ బూతు నుంచి మాట్లాడతానండి. దానికి నేనంటే అదేనండీ" అన్నాడు. నవ్వుతూ చెప్పాలనుకున్నాడు పాపం. నవ్వు రాలేదు.

నాన్న కాగితాన్ని దగ్గరగా పట్టుకున్నాడు, దూరంగా పట్టుకున్నాడు. గుమ్మం దగ్గరికి తీసుకెళ్ళి వెలుగులో చూశాడు. అమ్మకి ఇచ్చాడు. అమ్మ చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది. నాన్న ఆ బొమ్మని మడత పాడవకుండా మళ్ళీ మడిచి ఆయన చేతికిచ్చాడు.

"రూపాయికే ఆపీసినారా బాబూ?"

"అవునండి."

"మరి ముందే గట్టిగా సెప్పాలి గదా! నన్ను తిట్టాలి గదా!"

"మిమ్మల్ని ఎలా తిడతానండీ?" అన్నాడాయన.

మర్నాడు నాన్న మొదటి షిఫ్టు మానేసి బ్యాంకుకి వెళ్ళాడు. జేబు గుండీ విప్పి అదే రూపాయి కట్టాడు. అదే బిళ్ళ అని ఎందుకంటున్నానంటే, ఏడాదిగా దాన్ని ఖర్చు పెట్టకుండా చొక్కా మారినప్పుడల్లా జేబు మార్చుకుంటూ వచ్చాడు. బాకీ ఏమీ లేదని సర్టిఫికెట్టు ఇచ్చారు. దాన్ని తీసుకుని ఇంటికొచ్చి, లోపలికి రాకుండా గుమ్మం బయటే నిలబడి అమ్మని నీళ్ళు అడిగాడు. కాళ్ళు కడుక్కున్నాడు. అక్కడితో ఆగలేదు, పెరటి వైపు నుంచి వెళ్ళి తలారా స్నానం చేశాడు. ఎవరినో కాటికి సాగనంపి వచ్చినట్టే చేశాడు. సర్టిఫికెట్టు మాత్రం లోపలికి తేనివ్వలేదు. వారం రోజులు అది స్కూటరు డిక్కీలోనే ఉంది. టైరు మీద పేరు చెరిపించాలన్నాను. నాన్న నా వైపు చూసిన చూపుకి ఇంక ఆ మాట ఎత్తలేదు.

బదిలీ కాగితం తొందరగానే వచ్చింది. విశాఖ వైపు బండి ఎక్కడానికి మేనేజరు దుర్గ్ స్టేషనుకి వెళ్తుంటే మేం ముగ్గురం వెళ్ళాం. అమ్మ అరిసెలు చేసింది. మామూలుగా ఎవరికైనా ఏదైనా పంపాలంటే పాత డబ్బాలో పంపుతుంది. ఆ రోజు నాన్న అటక ఎక్కి, అమ్మ పుట్టింటివారిచ్చిన మంచి స్టీలు డబ్బా, మూత మీదా అడుగునా మా ఇంటిపేరు చుక్కలు చుక్కలుగా కొట్టించి ఉన్నది, తీసి, తుడిచి ఇచ్చాడు. అమ్మకి ఆ డబ్బా అంటే ఎంత ఇష్టమో నాకు తెలుసు. అయినా తనే అరిసెలు అందులో సర్దింది.

బండి కదిలే ముందు నాన్న కిటికీ దగ్గర చెప్పాడు. "డబ్బా మాది బాబూ. పేరు కూడా ఉన్నాది. ఎప్పుడైనా ఇచ్చీవొచ్చు. తొందర నేదు."

మేనేజరు డబ్బాని ఒళ్ళో పెట్టుకున్నాడు. మూత మీద అక్షరాల్ని వేలితో తడిమాడు. ఆయనకి అర్థమైందని నాకు అప్పుడే తెలిసింది. "వెళ్ళొస్తానండి బాబాయిగారూ" అన్నాడు.

ఆ తరువాత ఏడాదికొకటి ఉత్తరం వచ్చేది. కుశలం, పాప చదువు, చివర ఒక వాక్యం: మీ డబ్బా ఇంకా మా దగ్గరే ఉంది. నాన్న ఉత్తరం మొత్తం వదిలేసి ఆ వాక్యమే చదివించుకునేవాడు.

ఆ దశాబ్దం చివర్లో స్నేహితురాలి పెళ్ళికి రాజమండ్రి వెళ్ళి, వాళ్ళింటికి కూడా వెళ్ళాను. మేనేజరుకి జుట్టు పలచబడింది. రెండు జడల పిల్ల పదేళ్ళది అయింది. నేను బయల్దేరుతుంటే వాళ్ళమ్మ పూతరేకులు తెమ్మంది. పిల్ల వంటింట్లోకి వెళ్ళి, మెరిసేలా తోమిన మా డబ్బాలో పూతరేకులు పేర్చి, మూత బిగించి, రెండు చేతులతో తెచ్చి నాకు ఇవ్వబోయింది.

"ఒసేయ్, అందులో కాదు!" అని ఆయన కుర్చీలోంచి ఒక్క ఉదుటున లేచాడు. అంత గట్టిగా అరవగలడని నేననుకోలేదు. డబ్బా పిల్ల చేతుల్లోంచి లాక్కుని, పూతరేకులన్నీ న్యూస్‌పేపరులో కట్టి నాకిచ్చాడు. సగం నలిగిపోయాయి. డబ్బాని మాత్రం చంకలో పెట్టుకుని గుమ్మం దాకా వచ్చాడు.

"నాన్నగారికి చెప్పండమ్మా. డబ్బా ఇవ్వలేదని చెప్పండి."

నేను ఇంటికి చేరేసరికి నాన్న రాత్రి షిఫ్టు చేసి వచ్చి వసారాలో కూర్చుని ఉన్నాడు. పొట్లం విప్పి పెట్టాను. పూతరేకుల వైపు చూడలేదు. నా సంచి వైపు చూశాడు.

"డబ్బా ఇచ్చీసినాడేటి?"



"లేదు నాన్నా. ఇవ్వనన్నాడు."

నాన్న నలిగిన పూతరేకు ఒకటి తీసుకున్నాడు. నెమ్మదిగా, పొడి రాలకుండా అరచెయ్యి కింద పెట్టుకుని తిన్నాడు. తిని ఇంకొకటి తీసుకున్నాడు.